పలభతో ప్రైమరీ డైరెక్షన్స్ పరిశీలన: బుక్కపట్నం అక్షాంశం ఆధారంగా

వ్యాససంగ్రహం:
జ్యోతిష సాఫ్ట్‌వేర్లు ఇచ్చే ప్రైమరీ డైరెక్షన్స్ ఫలితాలను మన సిద్ధాంత గ్రంథాలలోని పలభ, చరఖండలు, రాశిమానాల సాయంతో చేతిలెక్కగా సరిచూడవచ్చునని ఈ వ్యాసం నిరూపిస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా బుక్కపట్నం అక్షాంశాన్ని ఉదాహరణగా తీసుకుని, తప్పు ఎంత వచ్చిందన్న దానిని బట్టి అది ఎక్కడ పుట్టిందో గుర్తించే విధానాన్ని వివరిస్తుంది. జ్యోతిష ఫలభాగపు సత్యాసత్యాలు ఈ వ్యాస పరిధిలోనివి కావు.

కీలకపదాలు: పలభ, చరఖండలు, లంకోదయం, స్వదేశోదయం, సాయనం, ప్రైమరీ డైరెక్షన్స్

1. ప్రవేశిక:
కవుల జీవితచరిత్రలు, పంచాంగ సాహిత్యం, జాతక గ్రంథాల మీద పరిశోధన చేసేవారు సిద్ధాంతవ్యాసాలకు సాఫ్ట్‌వేర్ ముద్రించిన జాతకచక్రాలను అనుబంధంగా చేర్చడం ఇప్పుడు మామూలైంది. ఇటీవల వాటితోపాటు పాశ్చాత్యుల ప్రైమరీ డైరెక్షన్స్ పట్టికలు కూడా కనిపిస్తున్నాయి. ఒక సంఘటన ఏ సంవత్సరంలో జరిగి ఉంటుందో చెప్పడానికి దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలతో సహా వాటిని ఆధారంగా చూపుతున్నారు. పర్యవేక్షకులుగా మనం ఆ అంకెలను ప్రశ్నించడం లేదు. ప్రశ్నించినా, విద్యార్థి మరొక సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూపుతాడు. రెండింటికీ ఒకే తప్పుడు జన్మసమయం ఇచ్చినప్పుడు రెండూ ఒకే తప్పును చెబుతాయి; ఆ ఏకాభిప్రాయం ప్రమాణం కాదు.

2. పదం, భావన:
ఈ పద్ధతిని తెలుగులో కొందరు ‘ప్రాథమిక దిశలు’ అంటున్నారు. ఇక్కడి ‘డైరెక్షన్’కు దిక్కుతో సంబంధం లేదు. గ్రీకులు ‘అఫెసిస్’ (విడిచిపెట్టడం) అన్నదానిని అరబ్బులు ‘తస్యీర్’ (నడిపించడం) అన్నారు. లాటిన్‌లో అది ‘దిరెక్తియో’ అయింది. ఆ అర్థాన్ని బట్టి ‘నడిపింపు’ దగ్గరి మాట. స్థిరపడిన పదం లేనందున ఈ వ్యాసంలో ఆంగ్లనామాన్నే వాడుతున్నాను.

భావన సులభమైనది. పుట్టిన క్షణాన ఆకాశం ఒక స్థితిలో ఉంటుంది. భూభ్రమణం వల్ల ఒక గ్రహం లగ్నబిందువును చేరడానికి ఖగోళం ఎన్ని డిగ్రీలు తిరగాలో లెక్కించి, ఒక్కో డిగ్రీని ఒక్కో సంవత్సరంగా తీసుకుంటారు. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన టాలమీ చెప్పిన కొలత ఇది. తరువాతి కాలపు నైబోడ్ కొలతలో సంవత్సరానికి సూర్యుని సగటు దినగతి అయిన 0°59′08″ తీసుకుంటారు. ఈ రెండింటిలో సాఫ్ట్‌వేర్ దేనిని వాడిందో తెలియకుండా సరిచూడటం మొదలుపెట్టకూడదు.

ఒక రాశి క్షితిజం మీద ఉదయించడానికి పట్టే కాలమే మన స్వదేశ రాశిమానం. అంటే లగ్నానికి సంబంధించిన ప్రైమరీ డైరెక్షన్ మొత్తం మనం ఎరిగిన లెక్కే.

3. బుక్కపట్నం రాశిమానాలు:
బుక్కపట్నం అక్షాంశం సుమారు 14°12′ ఉత్తరం, రేఖాంశం సుమారు 77°48′ తూర్పు. విషువద్దినాన మధ్యాహ్నం పన్నెండు అంగుళాల శంకువు నీడయే పలభ. ఈ అక్షాంశానికి అది 3.04 అంగుళాలు, అంటే శంకువు ఎత్తులో దాదాపు నాలుగోవంతు. 60 సెంటీమీటర్ల కర్రను చెరువుకట్ట మీద మట్టంగా ఉన్న చోట నిలువుగా నాటితే సుమారు 15 సెంటీమీటర్ల నీడ పడాలి. అయితే గడియారంలో పన్నెండు కాగానే కొలవరాదు. మార్చి 20 ప్రాంతంలో ఇక్కడ సూర్యుడు నడినెత్తి రేఖకు వచ్చేసరికి సుమారు 12 గంటల 26 నిమిషాలవుతుంది.

గణేశ దైవజ్ఞుని గ్రహలాఘవం (శకం 1442 ఆధారాబ్దం) చెప్పినట్లు పలభను వరుసగా 10, 8, 10/3లతో గుణిస్తే చరఖండలు వస్తాయి. మనకు అవి 30, 24, 10 విఘడియలు. లంకోదయాలు 278, 299, 323. మేషం, వృషభం, మిథునాలకు చరఖండలను తీసివేస్తే 248, 275, 313. కర్కాటకం, సింహం, కన్యలకు తిరుగువరుసలో కూడితే 333, 323, 308. ఈ ఆరింటి మొత్తం 1800 విఘడియలు, అంటే 30 ఘడియలు. తుల నుంచి మీనం వరకు ఇవే అంకెలు తిరుగువరుసలో వస్తాయి. అరవై ఘడియలకు 360 డిగ్రీలు కనుక పది విఘడియలు ఒక డిగ్రీ. పాత గణకులు ఈ సౌలభ్యాన్ని ఇందుకోసం ఏర్పరచలేదు గాని, మన పనికి అది చక్కగా ఒదిగింది.

4. ఒక లెక్క, ఆరు జవాబులు:
లగ్నం సాయన మేషం 0° వద్ద, శరం లేని ఒక గ్రహం సాయన వృషభం 0° వద్ద ఉన్నాయనుకుందాం. గ్రహం లగ్నాన్ని చేరడానికి మేషం మొత్తం ఉదయించాలి. చేతిలెక్కలో 248 విఘడియలు, అంటే 24.8 డిగ్రీలు. ఆధునిక త్రికోణమితితో లెక్కిస్తే 24.97 వస్తుంది. 0.17 డిగ్రీ తేడా అంటే రెండు నెలలు.

ఈ రెండు నెలలు ఎక్కడివి? సూర్యసిద్ధాంతం పరమక్రాంతిని 24 డిగ్రీలుగా తీసుకుంటుంది. నేటి విలువ సుమారు 23°26′. ఆధునిక సూత్రంలోనే 24 డిగ్రీలు పెట్టి చూస్తే జవాబు 24.80కి దిగుతుంది. కనుక సాఫ్ట్‌వేర్ ఫలితానికీ మన లెక్కకూ రెండు నెలల తేడా ఉంటే రెండూ సరైనవే.

ఇప్పుడు అదే ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ మరొక జవాబిస్తే ఆ అంకెయే తన జన్మస్థానం చెబుతుంది. 30.00 వస్తే అది క్రాంతివృత్తపు డిగ్రీలనే లెక్కించింది, భూభ్రమణాన్ని పట్టించుకోలేదు. 27.91 వస్తే విషువాంశ మాత్రమే తీసుకుని చరాన్ని వదిలేసింది, అంటే లంకకు లెక్క కట్టింది. 30.85 వస్తే చరాన్ని తీసివేయవలసింది కూడింది. అక్షాంశాన్ని దక్షిణంగా నమోదు చేసినప్పుడు ఇలా జరుగుతుంది. 21.56 వస్తే ఢిల్లీ అక్షాంశం మీద నడిచింది. 25.33 వస్తే మాత్రం తప్పు లేదు, కొలత నైబోడ్‌ది.

దశమలగ్నానికి ఇదే లెక్క చేస్తే 27.91 రావాలి, అక్కడ అక్షాంశంతో పని లేదు. కనుక ముందు దశమాన్ని, ఆ తరువాతనే లగ్నాన్ని సరిచూడటం మంచిది. ఈ రెండు బిందువుల విషయంలో ప్లాసిడస్, రెజియోమొంటానస్ పద్ధతులు ఏకీభవిస్తాయి. తక్కిన స్థానాలలో వాటి మధ్య వచ్చే భేదాలు పద్ధతిభేదాలే గాని దోషాలు కావు.

5. సాయన, నిరయన భ్రాంతి:
విద్యార్థుల లెక్కల్లో నాకు ఎక్కువగా కనిపించిన పొరపాటు ఇది. పైన చెప్పిన రాశిమానాలు సాయన రాశులవి. లాహిరి అయనాంశ ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది. ఆ అయనాంశతో నిరయన మేషం బుక్కపట్నంలో ఉదయించడానికి 248 కాదు, దాదాపు 269 విఘడియలు పడుతుంది. సాయన అంకెను నిరయన రాశికి తగిలిస్తే డైరెక్షన్ రెండు సంవత్సరాలకు పైగా తప్పుతుంది. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు లేదు. అయనాంశను ముందుగా కలిపి లెక్కించాలన్న నియమాన్ని గ్రంథాలు చెప్పాయి. చదివేటప్పుడు మనం దాటవేశాం.

6. కాలం:
గణితం ఎంత సూక్ష్మమైనా జన్మసమయం స్థూలమైతే ఫలితం స్థూలమే. లగ్నం విషయంలో నాలుగు నిమిషాలు ఒక సంవత్సరం. ఒక ఘడియకు ఆరు సంవత్సరాలు. పాత జాతకాలలో సమయం ‘ఉదయాది’ ఘడియలలో, చాలాసార్లు పూర్ణాంకాలలో ఉంటుంది. అరఘడియ అటూఇటూ అయితేనే మూడేళ్లు. అటువంటి జాతకం నుంచి 24.97 అని రాబట్టి సంఘటనకు నెల నిర్ణయించడం పరిశోధన అనిపించుకోదు.

ఉదయం అన్న మాటకే రెండు అర్థాలున్నాయి. సూర్యబింబ కేంద్రం గణితరీత్యా క్షితిజానికి రావడం ఒకటి. వక్రీభవనంతో బింబపు పై అంచు కంటికి కనిపించడం మరొకటి. బుక్కపట్నంలో విషువద్దినాన వీటి మధ్య సుమారు మూడున్నర నిమిషాలు, డైరెక్షన్‌లో పది నెలలు.

గడియారపు సమయం ఉంటే ఇబ్బంది తీరిందనుకోరాదు. బుక్కపట్నం స్థానిక కాలానికి, భారతీయ ప్రామాణిక కాలానికి 18 నిమిషాల 48 సెకన్ల అంతరం ఉంది. దానిని విస్మరిస్తే 4.7 సంవత్సరాలు. ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమలులోకి వచ్చింది. అంతకుముందు రైల్వేలు పాటించినది మద్రాసు కాలం. అది దీనికన్నా సుమారు 9 నిమిషాలు వెనుక. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు 19వ శతాబ్ది చివరి జాతకంలో గడియారపు సమయం కనిపిస్తే అది ఏ కాలమో ముందు తేల్చాలి. యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు, గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. ఆ సవరణ తెలియని సాఫ్ట్‌వేర్ పదిహేనేళ్లు తప్పు చెబుతుంది. ఆ సవరణ తెలిసిన సాఫ్ట్‌వేర్‌కు, కుటుంబం ముందే ఒక గంట తగ్గించి రాసుకున్న సమయం ఇచ్చినా అంతే.

ఊరి పేరుతోనూ జాగ్రత్త అవసరం. కర్ణాటకలో తుమకూరు జిల్లా శిరా తాలూకాలో బుక్కపట్ణ ఉంది. అది మన ఊరికి సుమారు ఒక డిగ్రీ పడమర. జాబితాలో పేరు చూసి నొక్కేవారికి ఒక సంవత్సరం అక్కడే పోతుంది.

7. తాళపత్ర పట్టికలకు అన్వయం:
ఇదే లెక్కను వెనుకకు నడిపిస్తే తెలుగు పరిశోధనకు మరొక ఉపయోగం ఉంది. తాళపత్రాలలో, పాత పంచాంగాలలో రాశిమానాల పట్టికలు ఊరి పేరు లేకుండా దొరుకుతాయి. 278 నుంచి మేషమానాన్ని తీసివేసి పదితో భాగిస్తే పలభ వస్తుంది. మేషమానం 248 అయితే పలభ 3, అంటే 14 డిగ్రీల ప్రాంతం. 241 అయితే పలభ 3.7, అంటే రాజమహేంద్రవరం అక్షాంశం. మేషం నుంచి కన్య వరకు మొత్తం 1800 కాకపోతే లేఖకుడు ఒక అంకెను తప్పు రాశాడు. అప్పుడు మేషానికి మీనం, వృషభానికి కుంభం సమానంగా ఉండాలన్న నియమంతో ఆ అంకె ఏదో గుర్తించవచ్చు. పట్టికలో మేషం 248, మీనం 284 అని ఉంటే, మీనంలో 4, 8 అంకెలు తారుమారయ్యాయని గ్రహించి, మూలపాఠంలో 248గా సవరించి, ప్రతిలోని పాఠాన్ని పాఠాంతరంగా అధస్సూచికలో చూపాలి.