తలనొప్పి మాత్ర – కడుపు మంట



తలనొప్పి వస్తే మందుల షాపులో ఒక మాత్ర కొంటాం. ఆ మాత్రతో కడుపు మండితే గ్యాస్ మాత్ర కొంటాం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. తలకు వాడే మందు కడుపుకు చేటు చేయవచ్చునన్న సంగతి మాత్రం గమనించం.

నొప్పి మాత్రలు

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి జీర్ణాశయపు లోపలి పొరకు ఉన్న రక్షణను తగ్గిస్తాయి. పరగడుపున వేసుకోకూడదు. అన్నం తిన్నాక వేసుకున్నా, రోజుల తరబడి వాడితే పుండు (అల్సర్) పడి రక్తం కారవచ్చు. కడుపు మంట ఉన్నవారికి పారాసిటమాల్ మేలు. పెద్దవారు 500 మి.గ్రా. మాత్రలు ఒకటి లేక రెండు వేసుకోవచ్చు. మళ్లీ వేసుకోవడానికి 6 గంటలు ఆగాలి. రోజుకు 8 మించరాదు. కాలేయ జబ్బు ఉన్నవారు, మద్యం తాగేవారు, గర్భిణులు డాక్టరును అడిగే వాడాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు. 12 ఏళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్‌ను మన దేశంలో 2011లో నిషేధించారు.

మైగ్రేన్ (పార్శ్వపు తలనొప్పి)

ఇది 4 గంటల నుండి 3 రోజుల వరకు ఉండవచ్చు. ఆ సమయంలో జీర్ణాశయం మందగిస్తుంది. అందుకే వాంతులు వస్తాయి, ఆలస్యంగా వేసిన మాత్ర సరిగా పనిచేయదు. నొప్పి మొదలవగానే మాత్ర వేసుకొని, చీకటి గదిలో నుదుటిపై తడిగుడ్డ వేసుకొని పడుకోండి. అల్లం వికారాన్ని కొంత తగ్గిస్తుంది. సొంఠి పట్టు హాయిగా అనిపించినా చర్మాన్ని మండించవచ్చు, కళ్లకు తగలనీయకండి. నెలకు 10, 15 రోజులు నొప్పి మాత్రలు మింగేవారికి ఆ మాత్రల వల్లనే తలనొప్పి రావచ్చు. అటువంటివారు డాక్టరును కలవాలి.

కడుపు మంట

రాత్రి భోజనానికి, పడకకు మధ్య 2, 3 గంటలు ఉండాలి. పాలు కాసేపు చల్లగా అనిపించినా తర్వాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది. బి.పి. ఉన్నవారు తినే సోడా తాగకూడదు. అందులో సోడియం ఎక్కువ. అల్సర్లకు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి అని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. మజ్జిగ, జీలకర్ర నీళ్లు ఈ క్రిమిని చంపలేవు. రెండు వారాలైనా మంట తగ్గకపోతే పరీక్ష చేయించుకోండి.

విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగించండి.

ఉపవాసం, ద్రాక్షారసం

భోజనం మానితే చాలామందికి మైగ్రేన్ వస్తుంది. అల్సర్, షుగర్ ఉన్నవారు ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరుతో మాట్లాడండి. నీళ్లు మానకండి. ఉపవాసంలో పరగడుపున నొప్పి మాత్ర మింగకండి. పౌలు తిమోతికి కడుపు నిమిత్తం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని రాశాడు కదా అని కొందరు అడుగుతారు. మద్యం జీర్ణాశయపు పొరను రేపుతుందని, మైగ్రేన్‌ను కూడా తెప్పించగలదని నేడు మనకు తెలుసు. అది మందు కాదు.

ఇవి కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు

• తారులాంటి నల్లని విరేచనం, రక్తపు వాంతి
• చెమటలతో ఛాతీలో బరువు (గ్యాస్ అనుకోకండి, గుండెపోటు కావచ్చు)
• ఒక్కసారిగా వచ్చిన భరించలేని తలనొప్పి
• తలనొప్పితో జ్వరం, మెడ బిగుసుకోవడం
• మాట తడబడటం, కాలుచేయి పట్టు తప్పడం

వెంటనే 108కి ఫోను చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. ప్రార్థన దారిలో కూడా చేసుకోవచ్చు. వచ్చేటప్పుడు ఇంట్లో వాడిన మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకొని తెండి. మీరేమి మింగారో తెలిస్తే డాక్టరు పని సగం సులువవుతుంది.

దేవుడు మీ కుటుంబములను దీవించును గాక.