నేత్రాణి పడవ ఎక్కేముందు నింపిన ఫారం

మాది కేజీఎఫ్, చాంపియన్ రీఫ్. మా ఊళ్లో పుట్టిన పిల్లకాయలకి రీఫ్ అంటే బంగారమే. నల్లరాతి మధ్యలో తెల్లగా సాగిపోయే పలుగురాతి చార, దాంట్లో బంగారం. సముద్రంలో కూడా రీఫ్ ఉంటుందని, అది ప్రాణంతో పెరుగుతుందని నాకు నలభై ఆరేళ్లు వచ్చాకే తెలిసింది. అసలు ఆ మాట ముందు ఓడవాళ్లదే. నీళ్ల కింద దాక్కున్న రాతి గట్టుని వాళ్లు రీఫ్ అనేవాళ్లు. తరవాత బంగారు గనులవాళ్లు దాన్ని తెచ్చుకున్నారు.

మా పెద్దపాప బెంగళూరులో పని చేస్తుంది. మారికుప్పం రైల్లో రోజూ పోయి వస్తుంది. మొదటి బోనస్ చేతికి వచ్చినప్పుడు, "నాన్నా, మురుడేశ్వర పోదాం. స్వామినీ చూద్దాం, సముద్రంలో మునిగీ చూద్దాం" అనింది. ఫీజు వేలల్లో ఉంది. వద్దంటే వినలేదు, ఇద్దరికీ కట్టేసింది.

మురుడేశ్వర మన కర్ణాటకలోనే, ఉత్తర కన్నడ జిల్లాలో ఉంది. గుడి దగ్గర 123 అడుగుల శివుడి విగ్రహం. అక్కడి నుంచి సముద్రంలోకి సుమారు 19 కిలోమీటర్లు పోతే నేత్రాణి దీవి వస్తుంది. దాని చుట్టూ రాళ్ల మీద పగడాలు పెరుగుతాయి. వానాకాలంలో పడవలు పోవు. అక్టోబరు నుంచి మే దాకా నీళ్లు తేటగా, గోరువెచ్చగా ఉంటాయి. ఈత రానివాళ్లని కూడా నేర్పేవాళ్లు పక్కనే పట్టుకుని పది మీటర్ల చుట్టూ లోతుకి తీసుకుపోతారు.

పడవ ఎక్కేముందు ఒక ఫారం ఇచ్చారు. గుండె జబ్బు ఉందా, చెవిలో చీము ఉందా, ఫిట్స్ వస్తాయా అని వరసగా ప్రశ్నలు. అన్నిటికీ లేదు, లేదు అని గీతలు పెట్టుకుంటూ పోయాను. ఒక ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. ఉబ్బసం, ఆయాసం, ఛాతీ బిగుసుకుపోవడం ఉందా?

నేను నూలు మిల్లులో పదమూడేళ్లు బ్లో రూములో చేసినవాణ్ణి. బేళ్లు విప్పి దూది దులిపే చోటు. మన చదువరుల్లో చాలామందికి ఆ ధూళి తెలుసు. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం డ్యూటీకి పోతే మధ్యాహ్నానికల్లా ఛాతీ మీద రాయి పెట్టినట్టు ఉండేది. మంగళవారానికి కొంచెం తేలికయ్యేది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

పాప పక్కనే నిలబడి ఉంది. బిడ్డ కట్టిన డబ్బు. లేదు అని గీత పెట్టేస్తే అయిపోయేది.

అప్పుడు మా నాయన గుర్తొచ్చినాడు. నాయన గనిలో పనిచేసినాడు. రాళ్లకి రంధ్రాలు వేసే పని. పలుగురాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడ మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు, ఒకసారి వచ్చాక పోగొట్టే మందు లేదు. నాయన ఇంట్లో రాత్రంతా దగ్గేవాడు. అడిగినవాళ్లకి మాత్రం దగ్గు లేదనేవాడు. లోపలి పని పోతే రూపాయలు తగ్గుతాయని భయం. మంచం పట్టినాక ఒకరోజు నాతో అన్నాడు: "అన్నిటికీ అబద్ధం చెప్పొచ్చు రా. ఊపిరికి మాత్రం చెప్పగూడదు. అది లోపల లెక్క రాసిపెట్టుకుంటాది."

ఉంది అని గీత పెట్టాను.

నేర్పే అబ్బాయి ఫారం చూసి, "డాక్టరు సర్టిఫికెట్ లేకుండా మిమ్మల్ని దించలేను సార్" అన్నాడు. పాప ముఖం వాడిపోయింది. ఎందుకు దించకూడదో ఆ అబ్బాయి ఓపికగా చెప్పాడు. అది మనందరికీ పనికొచ్చేదే.

వీపు మీద కట్టుకునే సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు, మనం పీల్చే మామూలు గాలినే బాగా ఒత్తి నింపుతారు. నీళ్లలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలవుతుంది. అక్కడ నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతల చోటు అడుగుతుంది. ఊపిరి వదులుతూ వస్తే ఏమీ కాదు. బిగపట్టి పైకొస్తే ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. నా మాదిరి ఛాతీ బిగుసుకునే మనిషి వదులుతున్నా, ఏదో ఒక మూల గాలి చిక్కుకునే ప్రమాదం ఉంది. అందుకే డైవింగ్‌లో మొదటి సూత్రం ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదని.

రెండోది, మెల్లగా పైకి రావాలి. ఎక్కువ లోతులో ఎక్కువసేపు ఉంటే గాలిలోని నైట్రోజన్ రక్తంలో కలుస్తుంది. తొందరగా పైకొస్తే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. ఈ సంగతి లోకానికి తెలిసింది కూలీల శరీరాల మీదే. 1870ల్లో అమెరికాలో బ్రూక్లిన్ వంతెనకి నది అడుగున, ఒత్తిన గాలి నింపిన పెట్టెల్లో దిగి పునాదులు తవ్వారు. పైకొచ్చిన పనివాళ్లు కీళ్లనొప్పులతో వంగిపోయారు, కొందరు చనిపోయారు. ఆ పనికి పెద్ద అయిన ఇంజనీరు రోబ్లింగ్ కూడా మంచం పట్టాడు. ఎన్ని నిమిషాలకి ఎంత మెల్లగా పైకి రావాలో 1908లో పట్టిక వేసి ఇచ్చింది జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన గనుల గాలిని పరీక్షించినవాడు కూడా. విషవాయువు కనిపెట్టడానికి గనిలోకి చిన్న పిట్టల్ని తీసుకుపొమ్మన్నది ఆయనే.

పాప దిగింది. నన్ను లైఫ్ జాకెట్ వేసి, ముఖానికి అద్దం పెట్టి, పడవ తాడు పట్టుకుని నీళ్ల మీద తేలమన్నారు. తల వంచి చూస్తే కింద పాప కనబడుతోంది. ముక్కు పట్టుకుని ఊది చెవులు తెరుచుకుంటోంది. కేజీ దిగేటప్పుడు చెవులు మూసుకుంటే ఉమ్మి మింగేవాళ్లమని నాయన చెప్పేవాడు. మా గనులు మూడు కిలోమీటర్లు దాటి లోతు. అయినా అక్కడ గాలి బరువు పెరిగేది నాలుగైదు మీటర్ల నీళ్లంతే. నీళ్లు అంత బరువు.

రాళ్ల మీద పగడాలు, కొన్ని మెదడు మాదిరి, కొన్ని చెట్టుకొమ్మల మాదిరి. మనం ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరే జాతి. ఇవి చిన్న చిన్న జీవాల గుంపు. వాటి ఒంట్లో పాచి లాంటిది బతుకుతూ ఎండతో అన్నం వండిపెడుతుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ పాచి వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. చిలకముక్కు చేపలు రాళ్లని కొరుకుతుంటే కరకరమని వినబడిందని పాప పైకొచ్చాక చెప్పింది. నాకు పసుపు చారల చేపలు కనబడినాయి. పాప నా వైపు చూసి చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టి చూపించింది. అంతా బాగుందని అర్థం. అక్కడ బొటనవేలు ఎత్తితే బాగుందని కాదు, పైకి పోదామని.

ఊరికి వచ్చాక పాపే నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది. గొట్టంలో గట్టిగా ఊదించారు. ఊపిరి తగ్గిందని, దూది ధూళి వల్లనే అని తేలింది. దాని పేరు బిసినోసిస్. తొందరగా ధూళి మానేస్తే ఇంకా ముదరకుండా ఆపొచ్చు అన్నారు డాక్టరమ్మ. ఇప్పుడు ప్యాకింగులో ఉన్నాను. ఓవర్‌టైం తగ్గింది, ఆ మాట దాచను. ఇల్లు బిగించి నడుపుతున్నాం. సోమవారాలు మాత్రం తేలికగా ఉన్నాయి.

ఇది చదివే అన్నలకీ అక్కలకీ ఒకటే మాట. సెలవు తరవాత మొదటిరోజు ఛాతీ బిగుసుకుంటుంటే అలసట అని తోసెయ్యొద్దు. బిసినోసిస్, సిలికోసిస్ రెండూ చట్టం ప్రకారం పనివల్ల వచ్చే రోగాల పట్టికలో ఉన్నాయి. డాక్టరుకి ఏ శాఖలో, ఎన్నేళ్లు పనిచేశారో చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక నీళ్లు తోడే పంపులూ ఆగిపోయినాయి. నాయన తిరిగిన సొరంగాల్లో ఇప్పుడు నీళ్లే. పాప మళ్లీ నేత్రాణికి పోతానంటోంది. పోనీ. నేను పడవలో కూర్చుంటాను, ఫారం మాత్రం దాని పక్కన కూర్చుని నింపిస్తాను.