సెల్ఫ్ కొట్టకపోతే తప్పంతా బ్యాటరీదేనా?

సరుకు రాత్రే లోడ్ అయిపోయింది. తెల్లారేలోపు మార్కెట్‌లో ఉండాలి. కీ తిప్పితే ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే. మదనపల్లెకి టమాటా తోలే బండైనా, బోయిన్‌పల్లికి కూరగాయలు తెచ్చే బండైనా, పికప్ నడిపే కుర్రాళ్లకి ఈ టెన్షన్ కొత్తేం కాదు. ఖాళీ బండైతే నలుగురు పట్టి తోసేస్తారు. టన్నుకు పైగా లోడున్న డీజిల్ బండిని ఎవరు తోస్తారు? ఆ కంగారులో దగ్గర్లోని షాపుకి ఫోన్ చేసి ‘అన్నా, ఉన్నవాటిలో పెద్దది వేసెయ్’ అనేస్తారు. డబ్బులు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే.

ముందు అసలు పోయింది బ్యాటరీయేనా చూడాలి. కొన్ని వందల రూపాయలకే మల్టీమీటర్ వస్తుంది. ఒకటి బండిలో పడేసుకోండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే కొలిస్తే 12.6 వోల్టులు చూపించాలి. అది ఫుల్ ఛార్జ్. 12.2 అంటే సగమే ఉన్నట్టు. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. ఇంజిన్ ఆన్ చేశాక మళ్లీ కొలవండి. సుమారు 13.8 నుంచి 14.5 మధ్యకి రావాలి. రాకుండా 12 దగ్గరే ఆగిపోయిందంటే డైనమో ఛార్జ్ చేయట్లేదు. అలాంటి బండికి కొత్త బ్యాటరీ వేసినా త్వరలోనే అదీ పడుకుంటుంది. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకున్నా, ఎర్త్ వైరు లూజైనా కూడా ఇదే ‘టక్’ వినిపిస్తుంది. ఆ రెండింటికీ బ్యాటరీ కొనక్కర్లేదు, స్పానర్ చాలు.

అన్నీ బాగున్నాయి, ఫుల్ ఛార్జ్ కూడా చేయించారు, అయినా సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ 9.6 కిందకి జారిపోతోందా? అప్పుడు అనుమానం బ్యాటరీ మీదే. షాపులో లోడ్ టెస్ట్ పెట్టిస్తే ఖాయమైపోతుంది.

ఇంకోమాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమో టెస్ట్ చేసే పాత అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగబాకి ఈసీయూ కాలిపోవచ్చు. బీఎస్-6 బండైతే అస్సలు ఒప్పుకోకండి.

ఇక కొనడం. యూట్యూబ్ తెరిస్తే అమెరికా వీడియోల్లో అంతా ‘సీసీఏ’ జపమే. కోల్డ్ క్రాంకింగ్ యాంప్స్ అంటే, మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు బ్యాటరీ ఎంత కరెంట్ ఇవ్వగలదన్న లెక్క. అక్కడి హెవీ డ్యూటీ డీజిల్ పికప్పుల్లో చాలావాటికి ఏకంగా రెండేసి బ్యాటరీలుంటాయి. మంచులో ఉండేవాళ్లకి అది అవసరం. మనకి కంపెనీ చెప్పిన సీసీఏ తగ్గకుండా ఉంటే చాలు. రామగుండంలోనో రెంటచింతలలోనో బండి తిప్పేవాళ్లకి విలన్ చలి కాదు, ఎండ. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఈ రంగంలో ఓ మోటు లెక్క ఉంది. మే నెలలో బయటే 45 ఉంటే, ఇంజిన్ పక్కన ఎంతుంటుందో ఊహించుకోండి. ఎండాకాలంలో తిన్న దెబ్బ చాలాసార్లు డిసెంబర్ పొద్దున బయటపడుతుంది. మనం చలిని తిట్టుకుంటాం.

అందుకే నా ఓటు పెద్ద బ్యాటరీకి కాదు, సరైన, తాజా బ్యాటరీకి. పాతదాని మీద ఉన్న ఏహెచ్ నంబర్, బండి మాన్యువల్‌లో ఉన్న నంబర్ రెండూ ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి. తగ్గించొద్దు. కాస్త పెంచితే డైనమో కాలిపోతుందన్నది అపోహే కానీ, ట్రేలో సరిగ్గా కూర్చోవాలి, క్లాంప్ బిగుసుకోవాలి. గతుకుల రోడ్డు మీద ఊగే బ్యాటరీ లోపల ప్లేట్లు త్వరగా పాడవుతాయి. ఎత్తు ఎక్కువైతే ప్లస్ టెర్మినల్ పైనున్న ఇనుముకి తగిలి షార్ట్ అవ్వొచ్చు. మోడల్ నంబర్ చివర ఎల్, ఆర్ అక్షరాలు చూడండి. ప్లస్ ఏ పక్కన ఉందో చెప్పేవి అవే. తేడా వస్తే వైరు అందదు.

ఆంప్లిఫైయర్, ఫోకస్ లైట్లు పెట్టించుకున్న బాబులకి ప్రత్యేకంగా: 70 ఏహెచ్ అంటే 3.5 యాంపుల చొప్పున 20 గంటలు. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లే 9 యాంపులు లాగుతాయి. ఇంజిన్ ఆపి 5 గంటలు వెలిగిస్తే సగానికి పైగా ఖాళీ. స్టార్టింగ్ బ్యాటరీ అలా ఖాళీ అవడానికి పుట్టలేదు. నాలుగైదుసార్లు అలా చేస్తే దాని బలం తగ్గిపోతుంది.

బ్రాండ్ గురించి కొట్టుకోవడం అనవసరం. తిరుపతి పక్కన కరకంబాడిలో ఫ్యాక్టరీ ఉన్న అమరాన్ అయినా, కోల్‌కతా కంపెనీ ఎక్సైడ్ అయినా, షాపులో ఏడాదిగా కూర్చున్న పీస్ పాతదే. తయారీ తేదీ అడగండి. మూడు నెలల లోపుదైతే మంచిది. కళ్ల ముందే వోల్టేజ్ కొలిపించండి. 12.4 కంటే తక్కువ చూపిస్తే ఇంకోటి తెమ్మనండి. వారంటీ 18+18 అని రాసుంటే మూడేళ్లూ ఫ్రీ అనుకోకండి. మొదటి 18 నెలలే ఫ్రీగా మారుస్తారు, తర్వాతి 18 నెలలు కొత్తదాని మీద డిస్కౌంట్ మాత్రమే. ఎల్లో బోర్డు బండికి వారంటీ తక్కువ ఉండొచ్చు. అదీ కార్డు మీద చూసి, తేదీతో స్టాంపు వేయించుకోండి.

పాత బ్యాటరీ ఊరికే ఇచ్చేయకండి. దాని బరువులో సగానికి పైగా సీసమే. అందుకే ఎక్స్‌చేంజ్‌లో డబ్బు తగ్గిస్తారు. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీ కంపెనీలదే. రోడ్డు పక్క పగలగొట్టి యాసిడ్ పారబోసేవాళ్లకి మాత్రం అమ్మకండి.

దారిలో సొంతంగా మార్చుకోవాల్సి వస్తే, విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. తిరగేస్తే స్పానర్ బాడీకి తగిలినప్పుడు వచ్చే మెరుపు చూస్తారు.