కుళాయి నీరు – ఇంటి నిల్వ

సముద్రపుటొడ్డున నున్న విశాఖపట్నమునకు త్రాగునీరు మాత్రము దూరమునుండియే రావలెను. గోస్తనీ నదిమీది తాటిపూడి, శారదానదిమీది రైవాడ, నగరమునకు చేరువనున్న మేఘాద్రిగెడ్డ జలాశయములు ఈ అవసరమును కొంత తీర్చుచున్నవి. కాకినాడ జిల్లాలోని ఏలేరు జలాశయమునుండి సుమారు 150 కిలోమీటర్ల కాలువద్వారా వచ్చు నీటిని నగరము, ఉక్కు కర్మాగారము పంచుకొనుచున్నవి. 2011 జనాభా లెక్కలనాటికే నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షలకు పైగా జనులుండిరి.

ఇంత దూరమునుండి వచ్చిన నీరు చాల ఇండ్లకు దినమున కొంతసేపే అందును. కొండవాలులలోని ఇండ్లకు కష్టము మరింత హెచ్చు. ప్రతి 10 మీటర్ల ఎత్తునకు నీటిపీడనము చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము చొప్పున తగ్గును. అందుచే దిగువ వీథిలో ధారగా పడు నీరు ఎగువ ఇంటిలో సన్నగిల్లును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినపుడు విద్యుత్తు పోయి, పంపులు ఆగి, నగరమంతయు నీటికి కటకటపడినది.

కావున ఇంటింట బిందెలు, డ్రమ్ములు, నేలతొట్టెలు, మేడమీది ట్యాంకులు వెలసినవి. అయితే నిల్వచేయుటలోను కొన్ని చిక్కులున్నవి.

నీటిసరఫరా ఆగగానే గొట్టములోని పీడనము పడిపోవును. గొట్టమునకు పగుళ్లున్నచో చుట్టునున్న మురుగు లోపలికి ఊరును. మరల నీరు వదలినపుడు ఆ మురికియే ముందుగా కుళాయికి వచ్చును. తొలి బిందెలను త్రాగుటకు గాక మొక్కలకో, నేల కడుగుటకో వాడుట మేలు. కొందరు కుళాయి గొట్టమునకే మోటారు బిగింతురు. అది పొరుగువారి నీటిని లాగుటయే గాక, పగుళ్లగుండ మురుగునుకూడ లాగును. నీటిని మొదట నేలతొట్టెలో పడనిచ్చి, అచ్చటినుండి పైకి తోడవలెను.

కుళాయివద్ద లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని ప్రమాణము. నిల్వనీటిలో ఇది క్రమముగా తరిగిపోవును. చేతులు ముంచినచో క్రిములు చేరును. కాడగల గరిటెతో తీయుట, కాచి త్రాగుట క్షేమకరము.

డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమకు శుభ్రమైన నిల్వనీరే పుట్టినిల్లు. గ్రుడ్డు దోమగా మారుటకు ఇంచుమించు 7 మొదలు 10 దినములు పట్టును. గ్రుడ్లు తొట్టెగోడకు అంటుకొని, ఎండిననూ నెలలతరబడి బ్రతికియుండును. అందువలన వారమునకొకసారి తొట్టెను ఖాళీచేసి, గోడలను తోమి ఆరబెట్టవలెను. మూత ఎల్లపుడు ఉండవలెను.

ఇక బోరుబావి మాట. తీరమున భూగర్భములో మంచినీరు బరువైన ఉప్పునీటిమీద తేలియుండును. సముద్రమట్టముకంటె 1 మీటరు ఎత్తున నిలిచిన మంచినీరు, దిగువన సుమారు 40 మీటర్ల లోతువరకు ఉప్పునీటిని అడ్డగించును. ఆ మట్టము ఒక మీటరు తగ్గినచో, ఉప్పునీరు కాలక్రమమున 40 మీటర్లు పైకెగబ్రాకగలదు. ఒక ఇంటివారు అతిగా తోడినచో వీథివారందరి బావులును ఉప్పనగును. వాననీటిని ఇంకుడుగుంటలద్వారా నేలకు చేర్చుట దీనికి విరుగుడు.

విద్యార్థులు ఒక డబ్బాకు వేర్వేరు ఎత్తులలో మూడు రంధ్రములు చేసి, నీరు నింపి చూడవచ్చును. అడుగు రంధ్రమునుండి నీరు ఎక్కువ వేగముతో చిమ్మును. కొండమీది కుళాయి ఏల సన్నగిల్లునో ఆ డబ్బాయే చెప్పును. పిమ్మట ఎవరింటి తొట్టెకు మూత లేదో వారు చూచికొనినచో పాఠము పూర్తియగును.