పని అడిగే విద్య

రాష్ట్రానికి కరెంటు తయారుచేసే ఏపీ జెన్‌కోకు, దాన్ని హైటెన్షన్ లైన్ల మీద మోసుకెళ్లే ఏపీ ట్రాన్స్‌కోకు ప్రధాన కార్యాలయం విజయవాడ గుణదలలోని విద్యుత్ సౌధ. దానికి దగ్గర్లోనే 1953లో జెస్యూట్ ఫాదర్లు స్థాపించిన ఆంధ్ర లయోలా కళాశాల, 1962లో వచ్చిన మేరీస్ స్టెల్లా మహిళా కళాశాల, ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐ ఉన్నాయి. ఊరికి ఆ పక్కన లారీల ఇంజిన్లు విప్పి బిగించే ఆటోనగర్ ఉంది. చదువు, పరిశ్రమ ఇంత దగ్గరగా ఉన్న ఈ చోట కూడా ఏప్రిల్ వచ్చేసరికి డిగ్రీ విద్యార్థులు ఒకరినొకరు అడుగుతుంటారు: ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలి?

ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంటికీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ పూర్తిగా పనిలో. అన్నీ కలిపితే పది నెలలు. ఇంటర్న్‌షిప్ చేయాలన్న నియమం వచ్చింది కానీ, దాన్ని ఎలా సంపాదించుకోవాలో చెప్పే పాఠం మాత్రం చాలా కాలేజీల్లో ఇంకా రాలేదు. అది అదృష్టం మీదో, మేనమామ సిఫారసు మీదో వదిలేయాల్సిన విషయం కాదు. నేర్పితే వచ్చే విద్య.

నూరేళ్లు దాటిన ఆలోచన

తరగతినీ కార్ఖానానూ కలపాలన్న ఆలోచన పాతదే. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లో 27 మంది ఇంజినీరింగ్ విద్యార్థులతో దీన్ని మొదలుపెట్టారు. వాళ్లు ఒక వారం తరగతిలో ఉంటే మరో వారం ఫ్యాక్టరీలో ఉండేవారు. నాలుగేళ్లకే, 1910లో, మన మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. పుస్తకాల చదువుతో పాటు వృత్తి విద్యనూ నేర్పాలన్నది వాళ్ల సంకల్పం.

స్వతంత్ర భారతంలో ఈ పద్ధతిని గట్టిగా పట్టుకున్నది పిలానీలోని బిట్స్. 1973లో అది ప్రాక్టీస్ స్కూల్ ప్రారంభించింది. అక్కడ విద్యార్థి తన చోటు తాను వెతుక్కోడు. సంస్థే పరిశ్రమలతో మాట్లాడి పంపిస్తుంది, అధ్యాపకుల పర్యవేక్షణ ఉంటుంది, మార్కులు వేస్తారు. వందల మంది పిల్లలు, కొద్దిమంది అధ్యాపకులు ఉన్న మామూలు డిగ్రీ కాలేజీ అంత పని చేయలేదు. అలాంటప్పుడు కనీసం వెతకడమైనా నేర్పాలి.

యజమాని ఎందుకు వద్దంటాడు

ముందు అవతలివాళ్ల ఇబ్బంది అర్థం చేసుకోవాలి. ఆటోనగర్‌లో ఆరుగురు పనివాళ్లతో లేత్ వర్క్‌షాప్ నడిపే యజమాని దగ్గరికి ఒక కుర్రాడు వెళ్లి “సార్, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కావాలి” అంటే ఆయనకు వినిపించేవి నాలుగు భయాలు. యంత్రం దగ్గర చెయ్యి తెగితే ఎవరు బాధ్యులు? వీడికి నేర్పుతూ కూర్చుంటే మేస్త్రీ పని ఎవరు చేస్తారు? పని వంటబట్టేసరికి వెళ్లిపోతాడు కదా? అసలు రేపు వస్తాడా?

ఈ నాలుగింటికీ జవాబు చేతిలో పెట్టుకుని వెళ్లిన విద్యార్థికి తలుపు తెరుచుకునే అవకాశం ఎక్కువ. కాలేజీ లేఖ, బీమా ఉంటే దాని పత్రం మొదటి భయాన్ని తగ్గిస్తాయి. “మీ స్టాకు లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించిపెడతాను” లాంటి చిన్న ఉపకారం రెండోదాన్ని తగ్గిస్తుంది. తేదీలు, వేళలు ఖచ్చితంగా చెప్పడం మిగతా రెండింటినీ తగ్గిస్తుంది.

ఎక్కడ వెతకాలి

చాలామంది చూపు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల మీదే ఉంటుంది. ముందు బస్సులో వెళ్లిరాగల దూరంలో ఏముందో కాగితం మీద రాసుకోవాలి. ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లకు ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి కరెంటు ఇస్తున్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, విజయవాడ రైల్వే లోకో షెడ్లు, రాయనపాడు దగ్గర గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాప్ ఉన్నాయి. 2025 మార్చిలో బాపులపాడు మండలం మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం మొదలైంది. కంప్యూటర్ వాళ్లకు గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ ఉంది. ఇలాంటి పెద్ద సంస్థల్లో కాలేజీ లేఖ లేకుండా గేటు దాటనివ్వరు, అనుమతికి వారాలు పడుతుంది. వేసవి కోసం డిసెంబరులోనే దరఖాస్తు పెట్టాలి.

బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వాళ్లకు పాల డెయిరీల పరీక్షల ల్యాబులు, మంచినీటి శుద్ధి కేంద్రాలు, కైకలూరు వైపు రొయ్యల మేత, శుద్ధి పరిశ్రమలు ఉన్నాయి. బీకాం వాళ్లకు గవర్నర్‌పేటలోని ఆడిటర్ల ఆఫీసులు, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్, ఆటోనగర్ విడిభాగాల దుకాణాలు పాఠశాలలే. తెలుగు, జర్నలిజం చదివేవాళ్లకు పత్రికా కార్యాలయాలు, 1948 నుంచి పలుకుతున్న ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఈ ఊళ్లోనే ఉన్నాయి.

లేఖ, ఫోను, ముఖాముఖి

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికీ ఒక తీరు ఉంది. ఒకే బయోడేటాను యాభై చోట్లకు పంపడం కన్నా, పది చోట్ల గురించి తెలుసుకుని పది వేర్వేరు లేఖలు రాయడం మేలు. లేఖ ఇంతే ఉండాలి:

“సార్, నేను బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. టైట్రేషన్లు, పీహెచ్ పరీక్షలు మా ల్యాబులో చేశాను. మే, జూన్ నెలల్లో మీ డెయిరీ ల్యాబులో పాల నాణ్యత పరీక్షలు నేర్చుకోవాలనుకుంటున్నాను. ఉదయం షిఫ్టుకు రాగలను. మా ప్రిన్సిపల్ గారి లేఖ జతచేశాను. శుక్రవారం ఫోన్ చేసి మీ వీలు కనుక్కుంటాను.”

ఆ శుక్రవారం తప్పకుండా ఫోన్ చేయాలి. జవాబు రాకపోతే వారం ఆగి మరోసారి అడగాలి. ఎవరిని ఎప్పుడు అడిగాం, ఏమన్నారు అన్నది ఒక పుస్తకంలో రాసుకోవాలి. కాదన్నవాళ్లను “ఇంకెవరినైనా అడగమంటారా?” అని మర్యాదగా అడిగితే తరచూ ఇంకో పేరు దొరుకుతుంది.

ముఖాముఖిలో అడిగేవి పెద్ద ప్రశ్నలేమీ కావు. వెర్నియర్ కాలిపర్ చేతికిచ్చి కొలత చదవమంటారు. ఒక బిల్లు చూపించి అందులో జీఎస్టీ ఎంతో చెప్పమంటారు. మార్కుల జాబితాలో డెబ్బై శాతం ఉన్నా ఇక్కడ తడబడేవాళ్లు ఉంటారు. చేసిన పని గురించి రెండు నిమిషాలు తెలుగులోనే తడుముకోకుండా చెప్పగలిగితే, ఇంగ్లీషు అంతగా రాకపోయినా చాలాచోట్ల అడ్డం కాదు.

లోపలికి వెళ్లాక రోజూ డైరీ రాయాలి: ఏం చూశాను, నా చేత్తో ఏం చేశాను, ఏది అర్థం కాలేదు. రేపు ఉద్యోగ ఇంటర్వ్యూలో మాట్లాడించేది ఆ డైరీయే.

డబ్బు, చట్టం

రుసుము కడితే చాలు, పని చేయకుండానే సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్లు ఉన్నారు. వాళ్ల జోలికి పోవద్దు. ఆ కాగితం మార్కులు తెస్తుందేమో కానీ, దాని మీద రెండో ప్రశ్న అడిగితే నోట మాట రాదు.

చదువుతూ చేసే ఇంటర్న్‌షిప్ వేరు, చదువయ్యాక చేసే అప్రెంటిస్‌షిప్ వేరు. రెండోదానికి 1961 నాటి అప్రెంటిసుల చట్టం రక్షణ ఉంది. 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులు, డిప్లొమావాళ్లు, 2014 సవరణతో ఇతర పట్టభద్రులు కూడా అందులోకి వచ్చారు. 2019 నిబంధనలు నెలకు కనీస స్టైపెండ్‌ను పట్టభద్రులకు 9,000 రూపాయలు, డిప్లొమావాళ్లకు 8,000 రూపాయలుగా నిర్ణయించాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం (నాట్స్) కింద కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. ఈ సంగతి చిన్న పరిశ్రమల యజమానులకు విద్యార్థే చెప్పవచ్చు. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని 21-24 ఏళ్లవారి కోసం పెట్టారు. పూర్తికాలం చదువుతున్నవాళ్లు అప్పట్లో దానికి అర్హులు కారు.

కాలేజీలు చేయాల్సింది

వారానికి ఒక పీరియడ్ ఇస్తే ఇదంతా నేర్పవచ్చు. లేఖలు రాయించి దిద్దాలి. ఫోన్ మాట్లాడటం సాధన చేయించాలి. నిరుడు వెళ్లొచ్చిన సీనియర్ల చేత మాట్లాడించాలి. ఎవరు ఎక్కడ చేశారో రాసిన జాబితా ఏటా పెరుగుతూ పోవాలి. ఆడపిల్లల్ని ఒంటరిగా కాకుండా జతగా పంపాలి, పని వేళలు, రవాణా, మరుగుదొడ్డి సంగతులు అధ్యాపకులు ముందుగా వెళ్లి చూసి రావాలి. తండ్రికి పరిచయాలున్న పిల్లలు ఎలాగూ నెట్టుకొస్తారు. దివిసీమ నుంచో మైలవరం నుంచో వచ్చి హాస్టల్లో ఉండే, ఈ ఊళ్లో ఎవరూ తెలియని పిల్లలకు కాలేజీ తప్ప దిక్కులేదు. ఈ పీరియడ్ ముఖ్యంగా వాళ్ల కోసం.

యజమానులకూ ఒక విన్నపం. ఏడాదికి ఇద్దరు విద్యార్థులకు చోటివ్వండి. రేపు మీకు కావలసిన పనివాళ్లు వాళ్లలోనే ఉన్నారు. విద్యార్థులకు చెప్పేది ఒక్కటే: రోహిణీ కార్తె ఎండల్లో కాళ్లరిగేలా తిరగడం కన్నా, మొదటి లేఖ డిసెంబరులోనే రాయండి.