వార్తల్లో పదం: రాబ్డోమయోలిసిస్

భూకంప శిథిలాల కింద గంటల తరబడి నలిగినవారు, వడదెబ్బకు పడిపోయినవారు, చాన్నాళ్లకు జిమ్‌లో అడుగుపెట్టి ఒక్కరోజులోనే ఒళ్లు హూనం చేసుకున్నవారు... ఇలాంటి వారి వార్తల్లో కనిపించే మాట ఇది. కండరాల కణాలు చితికి, లోపలి పదార్థాలు రక్తంలోకి చేరడమే రాబ్డోమయోలిసిస్.

ఆ పదార్థాల్లో మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కిడ్నీలకు పెద్ద ముప్పు. అది వాటిలోని సన్నటి నాళికల్లో గడ్డకట్టి దారి మూసేస్తుంది, గోడలను దెబ్బతీస్తుంది. ఒంట్లో నీరు తక్కువగా ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. మూత్రం డికాక్షన్ రంగుకు మారుతుంది. పొటాషియం అమాంతం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా.

లండన్‌పై జర్మన్ బాంబులు కురిసిన రోజుల్లో, శిథిలాల నుంచి బయటపడ్డ నలుగురి గురించి ఎరిక్ బైవాటర్స్, డెస్మండ్ బీల్ 1941లో రాశారు. బయటికి తీసినప్పుడు పెద్ద ప్రమాదమేమీ కనిపించలేదు. తర్వాత కాలు వాచింది, మూత్రం తగ్గింది, కిడ్నీలు మొరాయించాయి. 1999లో తుర్కియే భూకంపంలో ఇలా కిడ్నీలు దెబ్బతిన్న 639 మందిలో 477 మందికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు శిథిలాల్లో ఉండగానే సెలైన్ ఎక్కించాలంటారు. నా దృష్టిలో విపత్తు వైద్యం నేర్చుకున్న అతి విలువైన పాఠం ఇదే.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతోనూ, సముద్రపు పాము కాటుతోనూ ఈ జబ్బు రావచ్చు. మాత్రలతో రావడం బాగా అరుదు. భయపడి సొంతంగా మానేయకండి. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ పరీక్ష చేస్తే జబ్బు తేలిపోతుంది. విపరీతమైన కండరాల నొప్పితో పాటు మూత్రం నల్లబడితే నొప్పి మాత్ర వేసుకుని పడుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.