ఫొటో ప్రింటరును ఎన్నుకొనుట ఎట్లు?

నేడు గ్రామములయందు చేతిఫోను లేని ఇల్లు అరుదు. ఫోనున్న ప్రతివారును ఫొటోలు తీయుచునే యున్నారు. అయినను కాగితముపై ఫొటో యొక్క అవసరము తీరిపోలేదు. దరఖాస్తునకు అంటించుటకు ఫొటో కావలెను. మురుగుకాలువ పని ఆరంభించుటకు ముందు ఆ స్థలమెట్లుండెనో, ముగిసిన పిదప ఎట్లున్నదో దస్త్రమునందు చూపుటకు ఫొటో కావలెను. పెండ్లి జరిగిన ఇంటికిని, పెద్దదిక్కు పోయిన ఇంటికిని గోడపై ఉంచుకొనుటకు ఫొటో కావలెను. ప్రతి పర్యాయము పట్నమునకు పోవుట భారమని తలచి కొందరు పంచాయతీ సభ్యులు తమ ఇంటనే ప్రింటరు నుంచుకొనుచున్నారు. ఏది కొనుట మేలని మమ్ము అడుగువారును కలరు.

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమున ఒక సభ్యుని ఇంట మేము కొంతసేపు కూర్చుండుట తటస్థించినది. వాకిటికి ఎదురుగా గోడపై ఆయన తండ్రిగారి పటము, దానిపై పూలదండ. పటములోని ముఖము పాలిపోయి ఆకుపచ్చగా మారియున్నది. ఎఱ్ఱని కండువా బూడిదరంగు గుడ్డవలె నుండెను. పాతపటము కాబోలునని మేమనుకొంటిమి. ముద్రించి రెండేండ్లే అయినదట. ఇంటి ప్రింటరుపై తామే వేసితిమని, ఫొటో తీసిన ఫోను పగిలిపోయినదని, వేరొక ప్రతి తమ వద్ద లేదని ఆయన చెప్పిరి. "అయ్యగారూ, మిషను ధర అడిగామే గాని, రంగు ఎన్నాళ్లు నిలుస్తుందో అడగాలని తోచలేదండి" అని ఆయన అన్న మాటయే ఈ వ్యాసమునకు కారణము.

దుకాణమునకు పోవుటకు ముందు మూడు విషయములు తేల్చుకొనవలెను. నెలకు ఎన్ని ఫొటోలు వేయుదుము? ఎంత పరిమాణమున వేయుదుము? అవి ఎంతకాలము నిలువవలెను? వీనికి సమాధానము లేనిదే ఏ యంత్రము మంచిదన్న ప్రశ్నకు అర్థము లేదు. నెలకు పది ఫొటోలకు మించి అవసరము లేని ఇంటికి ప్రింటరే అక్కరలేదని మా అభిప్రాయము. అట్టివారు ఫొటోలను కూడబెట్టి ఒకేసారి పట్నపు ల్యాబునకు పంపుట చౌక.

లేజరు ప్రింటరు సంగతి మొదట చెప్పి విడిచెదము. అది పొడిరంగును వేడిచే కరగించి కాగితమునకు అంటించును. రసీదులు, నోటీసులు, గ్రామసభ తీర్మానముల నకళ్లు వేయుటకు అది శ్రేష్ఠము. ఫొటోకు అది తగినది కాదు. ముఖముపై నీడలు నునుపుగా రావు. పైగా వేడెక్కునప్పుడు అది వందల వాట్ల విద్యుత్తును ఒక్కసారిగా లాగును గావున చిన్న ఇన్వర్టరు దానికి ఓర్వదు.

ఫొటోలకై ఇండ్లలో వాడదగినవి రెండు రకములు. మొదటిది ద్రవరూపమైన సిరాను వెండ్రుకకన్న సన్నని రంధ్రములగుండ కాగితముపై చిమ్మునది. దీనిని ఇంక్‌జెట్ అందురు. రెండవది రంగుల పట్టీని వేడిచేసి, రంగును కాగితములోనికి ఇంకించునది. దీనికి డై సబ్లిమేషన్ అని పేరు. జేబులో పట్టు ఇంకొక బుల్లి ప్రింటరు కూడ అంగళ్లలో కానవచ్చును. అది పిల్లల ముచ్చటకే గాని పంచాయతీ సభ్యుని అవసరములకు చాలదు.

ఇంక్‌జెట్‌లో కొనువారు మోసపోవునది సిరావద్దనే. చవుకగా దొరకు యంత్రములు పెక్కింటిలో సిరా చిన్న డబ్బాలలో నుండును. వీనిని కార్ట్రిడ్జి లందురు. ఒక్కొక్క డబ్బాలో నుండునది కొన్ని మిల్లీలీటర్ల సిరా మాత్రమే. యంత్రమును తక్కువ వెలకు ఇచ్చి, డబ్బాలమీద లాభము రాబట్టుకొనుట ఈ వ్యాపారపు పద్ధతి. కొన్ని యంత్రములకు మూడు నాలుగు పర్యాయములు డబ్బాలు మార్చునప్పటికి యంత్రము వెల దాటిపోవును. ఇండోనేషియాలో ఈ భారము భరింపలేక చిన్న వ్యాపారులు ప్రింటరుకు బయట సీసాలు కట్టి, సన్నని గొట్టములద్వారా సిరాను లోపలికి పంపుకొనుచుండిరి. అది చూచి ఎప్సన్ కంపెనీవారు 2010లో ఆ దేశముననే, సిరాతొట్టి అమర్చిన ప్రింటరును తామే విక్రయింప మొదలిడిరి. తరువాత ఇతర కంపెనీలును ఆ మార్గమే పట్టినవి. మన దేశమునందును ఇవి విరివిగా దొరకుచున్నవి. యంత్రము వెల అధికమే గాని, సీసా సిరా చాలకాలము వచ్చును. నెలకు యాభై, వంద ఫొటోలు వేయువారికి తొట్టి ప్రింటరే లాభకరము.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెట్టెపై ఒక సీసాకు ఇన్నివేల పుటలు వచ్చునని ముద్రించియుండును. ఆ లెక్క అక్షరములు, చిన్న బొమ్మలు గల పుటలను ముద్రించి కట్టినది. ఫొటోలో కాగితమంతయు రంగే గనుక ఆ సంఖ్య ఫొటోకు వర్తింపదు. కంపెనీవారు ఫొటోలకు వేరుగా సంఖ్య నిచ్చియుండిన దానినే చూడవలెను. ఇయ్యనిచో ఇంతకుముందు కొన్నవారిని విచారించుట మేలు.

ఇంక్‌జెట్‌కు ఇంకొక బలహీనత కలదు. వాడక యుంచినచో రంధ్రములలో సిరా ఎండి అడ్డుపడును. రాయలసీమ, తెలంగాణ ఎండలలో ఇది మరింత త్వరగా జరుగును. అప్పుడు ఫొటోపై తెల్లని చారలు పడును. యంత్రము తన్ను తాను శుభ్రపరచుకొను ఏర్పాటు కలదుగాని, ఆ పనికి వెచ్చమగునదియు మనము కొన్న సిరాయే. ఆ వ్యర్థపు సిరా లోపలి దూదిమెత్తలో ఇంకును. మెత్త నిండినప్పుడు యంత్రము పని మానివేయును. కొన్ని నమూనాలలో ఈ మెత్తను మనమే మార్చుకొనవచ్చును, మరికొన్నింటిలో మరమ్మతు కేంద్రమునకు తీసికొనిపోవలెను. కొనునాడే ఈ సంగతి విచారింపవలెను. వారమునకొకసారి యైనను అన్ని రంగులు గల ఒక చిన్న ఫొటో వేయుచుండుట మంచిది. యంత్రమును దాని మీటతోనే ఆర్పవలెను గాని గోడవద్ద స్విచ్చి తీసివేయరాదు. మీటతో ఆర్పినప్పుడు సిరా చిమ్ము భాగము తన మూతక్రిందికి పోయి కూర్చుండును. విద్యుత్తు హఠాత్తుగా పోయినచో మూత లేకయే నిలిచి ఎండిపోవచ్చును. కరెంటు పోయివచ్చిన వెంటనే యంత్రమును ఒకసారి వెలిగించి, మరల మీటతో ఆర్పినచో ఈ కీడు తప్పును.

పట్టీ ప్రింటరుకు ఈ బాధ లేదు. అందు ద్రవసిరాయే లేదు గనుక ఆరు నెలలు మూలనుంచి తీసినను చక్కగా పనిచేయును. పసుపు, మెజెంటా, సయాను రంగులు ఒకదానిమీద నొకటి పడి, చివర పారదర్శకమైన పూత పడును. కాగితము నాలుగు పర్యాయములు లోపలికి పోయి వచ్చును. ఆ పూతవలన చెమట చేయి, నీటి చుక్క తగిలినను ఫొటో చెడదు. ఖర్చు లెక్కయు సులభము. కాగితమును పట్టీని కలిపి ఒకే పెట్టెలో అమ్ముదురు. ఒక రకములో 108 కాగితములు వచ్చును. పెట్టె వెలను 108 చే భాగించినచో ఒక్కొక్క ఫొటో ఖర్చు తెలియును. ఫొటోలో రంగు ఎక్కువ యున్నను తక్కువ యున్నను ఖర్చు మారదు. అయితే ఇండ్లలో వాడు ఈ ప్రింటర్లు సాధారణముగ 4×6 అంగుళములకు మించిన ఫొటోను వేయజాలవు. కాగితము బయటికి వచ్చి పోవునప్పుడు ధూళి పట్టినచో ఫొటోపై మచ్చలు పడును. బండ్లబాట ప్రక్క వసారాలో దీనిని ఉంచరాదు.

అనేక దరఖాస్తులకు 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు గల ఫొటో చాలును. 4×6 కాగితముపై అట్టివి ఎనిమిది పట్టును. కావున దరఖాస్తు ఫొటోలే ముఖ్యమైనచో పట్టీ ప్రింటరు కొనుట తెలివైన పని. కాని ఒక జాగ్రత్త తప్పనిసరి. వాడిన పట్టీని వెలుతురులో పట్టి చూచినచో, దానిపై ముద్రించిన ప్రతి ముఖము, ప్రతి కాగితము కానవచ్చును. వితంతు పింఛను కోరిన స్త్రీల ఫొటోలు, గుర్తింపుకార్డుల నకళ్లు వేసిన పట్టీని చెత్తకుప్పపై పారవేసినచో అవి ఎవరి చేతనైన పడవచ్చును. దానిని ముక్కలుగా కత్తిరించి పారవేయవలెను.

ఇక రంగు నిలుచుట మాట. సికింద్రాబాదున స్టూడియో నడపిన రాజా దీన్ దయాళ్ 1905లో కాలధర్మము చెందిరి. ఆయన ముద్రించిన చిత్రములలో అనేకము నూరేండ్లు దాటినను ముఖములు స్పష్టముగా తెలియుచున్నవి. ఆ చిత్రములలో రూపము నిలిపినది సన్నని వెండి రేణువులు. నేటి ఇంటి ప్రింటరులో రూపము నిలుపునది సిరా. ఆ సిరాలో రెండు జాతులు కలవు. నీటిలో పూర్తిగా కరిగియుండు రంగు డై. కరగక, మిక్కిలి సన్నని పొడిగా తేలియుండు రంగు పిగ్మెంటు. డై సిరాతో ఫొటో మెరుపుగా, నిండుగా వచ్చును. కాని ఎండకును, గాలిలోని ఓజోను వాయువునకును త్వరగా లోబడును. పిగ్మెంటు సాధారణముగ అంతకన్న ఎక్కువకాలము నిలుచును, నీటికి చెదరదు. ఇండ్లలో వాడు తొట్టి ప్రింటర్లలో చాలవరకు రంగులు డై జాతివే. నలుపు ఒక్కటి కొన్నింటిలో పిగ్మెంటు. "మీ సిరాలో నాలుగు రంగులును పిగ్మెంటేనా?" అని స్పష్టముగా అడుగవలెను. నలుపు సీసా నొకదానిని చూపి "అవునండి" అనువారును కలరు.

ఏది కొనవలెను? పనుల దస్త్రములలో అంటించి ఆడిటు వరకును, ఆ పిమ్మటను నిలువవలసిన ఫొటోలకు అన్ని రంగులును పిగ్మెంటు గల యంత్రము మేలు. అందము కొంత తగ్గినను నష్టము లేదు. ఇంటి ఆల్బమునకు, శుభకార్యములకు ఆరు రంగుల డై ప్రింటరు మిక్కిలి బాగుండును. అందు లేత సయాను, లేత మెజెంటా అదనముగ నుండుటచే చెంపలు, నుదురు చుక్కలు చుక్కలుగా గాక నునుపుగా వచ్చును. ఆల్బములో మూసియుంచిన ఫొటోకు ఎండ తగలదు గనుక డై సిరాకు అంత భయము లేదు. గోడపటము విషయము వేరు. సంవత్సరమునకు ఒకటి రెండు పెద్ద పటములకై యంత్రము కొనుట వ్యర్థము. వానిని ల్యాబులోనే వేయించవలెను. ఇంటనే వేసినచో, ఒక దినము గాలికి ఆరనిచ్చి, ఫొటోకు అద్దమునకు నడుమ అట్ట అంచు నుంచి, ఎండ పడని గోడకు తగిలించవలెను. మేము చూచిన పటము వాకిటికి ఎదురుగా, ఉదయపు ఎండ నేరుగా పడుచోట నున్నది.

కాగితమును నిర్లక్ష్యము చేయరాదు. రసీదులు వేయు పలుచని కాగితముపై సిరా దూదివలె పీల్చుకొనబడి రంగు వెలవెలబోవును. ఫొటో కాగితముపై ఒక ప్రక్కనే పూత యుండును. ఆ ప్రక్కకే ముద్రింపవలెను. ముద్రించుటకు ముందు కంప్యూటరులోనో ఫోనులోనో ఆ కాగితము రకమును ఎన్నుకొనవలెను, లేనిచో సిరా ఎక్కువో తక్కువో పడును. కోస్తా జిల్లాలలో వానకాలమున కాగితము తేమను పీల్చి వంగిపోవును గావున మిగిలిన కాగితములను కవరులో మూసియుంచవలెను.

పైన చెప్పిన సభ్యుని కథ అంతటితో ముగియలేదు. విశాఖపట్టణముననున్న ఆయన చెల్లెలిగారి ఫోనులో, వాట్సాపుద్వారా ఎన్నడో పంపిన అదే ఫొటో దొరకినది. కాని అట్లు పంపినప్పుడు ఫొటో కుదించుకొనిపోయినది. పొడవున 1,280, వెడల్పున 960 చుక్కలే మిగిలినవి. మంచి ముద్రణకు అంగుళమునకు 300 చుక్కలు కావలెనని లెక్క. 200 ఉన్నను కంటికి లోపము తెలియదు. ఆ ప్రతితో 4×6 ఫొటో బాగుగా వచ్చినది. 8×12 పటమునకు అంగుళమునకు నూటికి కొంచెము పైగా మాత్రమే వచ్చుటచే ముఖము మసకబారినది. ఎంత ఖరీదైన ప్రింటరైనను లేని చుక్కలను తేజాలదు. కావున ఫొటోలను వాట్సాపులో పంపునప్పుడు డాక్యుమెంటుగా పంపవలెను. అట్లయిన కుదింపు జరుగదు. ముఖ్యమైన ఫొటోల మూలప్రతిని ఫోనునందే గాక ఇంకొకచోట కూడ దాచవలెను. ఆ సభ్యుడు ఇప్పుడు చిన్న పటముతోనే తృప్తిపడి, దానిని లోపలి గోడకు మార్చిరి.

తుదకు దుకాణములో చేయవలసిన పని. దుకాణదారు చూపు నమూనా ఫొటోను నమ్మరాదు. మీకు బాగుగా తెలిసిన మనిషి ముఖము, తెల్లని పంచె, నల్లని జుట్టు, పసుపు రంగు చీర అంచు గల ఫొటోను మీ ఫోనులో తీసికొనిపోయి, మీరు కొనదలచిన యంత్రముపై, మీరు వాడదలచిన కాగితముపై వేయించుడు. తెలుపు తెల్లగా వచ్చినదా, జుట్టు గోధుమరంగు తిరిగినదా పగటి వెలుతురులో చూడుడు. తొందర లేనిచో ఆ ఫొటోను ఇంటికి తెచ్చి రెండుగా కత్తిరించుడు. ఒక సగమును ఎండపడు కిటికీలో అంటించి, రెండవ సగమును పెట్టెలో పుస్తకము నడుమ ఉంచుడు. నెల గడచిన పిదప రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచి, అప్పుడు సొమ్ము చెల్లించుడు.